పంచదార తోబుట్టువులు

కిందటి కార్తీకంలో మా అమృతలూరు ఆడవాళ్ళం పదిహేనుమందిమి వనభోజనాలకి వెళ్ళాం. వనం అనగానే మరీ గొప్పగా ఊహించుకోకండి. కాలవగట్టు పక్కన మా తోటికోడలి పుట్టింటివాళ్ళ దొడ్డి, అందులో రెండు ఉసిరిచెట్లు, ఒక బోరు షెడ్డు. అంతే. పులిహోర, గారెలు, గోంగూర పప్పు, పరవాన్నం అన్నీ సిద్ధం. తీరా వడ్డించబోయే వేళకి అరిటాకులు తెస్తానన్న మనిషి పత్తా లేడు. తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ ముందుచూపు మనిషి, సంచీలోంచి ప్లేట్ల కట్ట తీసింది. మీగడ రంగులో, అంచు తిరిగి, గట్టిగా ఉన్నాయి.

మా అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది అట్టా, ప్లాస్టిక్కా అమ్మాయ్?"

"రెండూ కాదండీ అత్తయ్యా. చెరకు పిప్పితో చేస్తారు."

అంతే, ప్లేటు కింద పెట్టేశారు. "పిప్పా! నమిలి ఉమ్మేసేదాన్ని పిప్పి అంటారు. కార్తీకమాసం పూట ఎంగిట్లో అన్నం తింటారటే?"

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అది మిషన్లో నలిగిన పిప్పే గానీ ఎవరి నోట్లోదీ కాదని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. చివరికి క్యారియర్ మూతలో తిన్నారు. మా ఇంట్లో పనికి వచ్చే పిన్ని మాత్రం ఆ ప్లేట్లోనే తృప్తిగా తిని, బోరు దగ్గర కడిగి, కొంగుతో తుడిచి సంచీలో పెట్టుకుంది. "ఇంత గట్టిగా ఉంటే ఎట్టా పారేస్తాం అమ్మాయిగారూ" అంది.

నిజం చెప్పాలంటే అత్తయ్యగారి తప్పేమీ లేదు. మన భాషలోనే పిప్పికి మర్యాద లేదు. ఎవరినైనా వేధిస్తే 'పీల్చి పిప్పి చేశారు' అంటాం. సారం పోయాక మిగిలిన దాన్ని మళ్ళీ ఎవరు అడుగుతారు? ఇంటికొచ్చాక ఆ మాటే బుర్రలో తిరిగింది. ఎందుకంటే నేను చెరకు ఊరి పిల్లని. మా పుట్టిల్లు గోదావరి వైపు. మా చిన్నప్పుడు బెల్లం వండే చోట పిప్పి పారేస్తే చీవాట్లు పడేవి.

అక్కడ పిప్పిని ఎండలో పరిచి ఆరబెట్టడం, సాయంత్రానికి పోగు చెయ్యడం ఆడవాళ్ళ పని. ఆ పిప్పితోనే పెనం కింద మంట. చెరకు రసం కాగుతుంటే పైకి తెట్టు కడుతుంది. రసం తేరుకోవడానికి కాస్త సున్నం, బెండ మొక్కల జిగురు వేసి ఆ తెట్టు తీసేవాళ్ళు. తీసిన తెట్టు గేదెల కుడితిలోకి పోయేది. చెరకు కొట్టినప్పుడు తీసేసిన మొవ్వలు పశువులకి మేత. ఎండాకు తోటలోనే పరిస్తే కార్సి తోటకి కలుపు తగ్గి, నేల తడి ఆరకుండా ఉండేది. ఇంక పారేసేది ఏముంది? పొయ్యిలో బూడిద కూడా అంట్లు తోమడానికి మా అమ్మ తెప్పించుకునేది.

మరి అంత పెద్ద పంచదార మిల్లు సంగతేమిటి?

నెయ్యి కాచినట్టే

బి.ఎస్సీ. చదివే రోజుల్లో మా కాలేజీ వాళ్ళు ఒకసారి మిల్లు చూపించడానికి తీసుకెళ్ళారు. కెమిస్ట్రీ చదివి ఇప్పుడు కథలు రాసుకుంటున్నానని మా వారు ఎగతాళి చేస్తుంటారు గానీ, ఆ రోజు చూసింది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. బాగా చెప్పాలంటే మన వంటింటి భాషలోనే చెప్పాలి.

గడల్ని ముక్కలు చేసి, వరసగా ఉన్న ఇనప రోలర్ల మధ్య నలుపుతారు. మధ్యమధ్య వేడినీళ్ళు చల్లి మరీ పిండుతారు. మనం చింతపండు రెండోసారి నీళ్ళు పోసి పిసుకుతామే, అలా. చివరి రోలర్లోంచి బయటికి వచ్చేది పిప్పి. రసానికి సున్నం, గంధకం పొగ పట్టించి కాస్తే మురికంతా అడుక్కి దిగుతుంది. వెన్న కాచాక అడుగున గసి మిగులుతుంది చూడండి, అలాంటిదే ఇది. వడగట్టిన ఈ బురదని మిల్లు వాళ్ళు ప్రెస్‌మడ్ అంటారు. తేట రసాన్ని చిక్కగా మరిగిస్తే పలుకులు కడతాయి. ఆ పలుకుల ముద్దని జల్లెడలాంటి బుట్టల్లో వేసి గిరగిరా తిప్పుతారు. వాషింగ్ మెషిన్ డ్రయ్యర్లో బట్టల నీళ్ళు పోయినట్టు నల్లటి పాకం బయటికి పోయి, తెల్లటి పంచదార లోపల నిలుస్తుంది. ఆ పాకాన్ని మళ్ళీ కాస్తారు, మళ్ళీ తిప్పుతారు. మూడో విడత తర్వాత ఇంక ఎంత కాచినా లాభం లేదు, పలుకు కట్టదు. అలా మిగిలిన నల్లటి జిగురు పాకమే మొలాసిస్. అందులో ఇంకా దాదాపు సగం చక్కెరలే ఉంటాయి. కాకపోతే పంచదారగా బయటికి రావు.

లెక్క వింటే మీరూ ఆశ్చర్యపోతారు. టన్ను చెరకు ఆడితే వచ్చే పంచదార సుమారు 100 కిలోలు. పిప్పి 280 నుంచి 300 కిలోల దాకా వస్తుంది, అందులో సగం తడే అనుకోండి. ప్రెస్‌మడ్ 30, 40 కిలోలు. మొలాసిస్ 40 నుంచి 45 కిలోలు. మిగతాదంతా నీళ్ళే. అంటే మనం డబ్బాలో పోసుకునేది పొలంలోంచి వెళ్ళినదాంట్లో పదో వంతు. దాని తోబుట్టువులు ఎక్కడికి పోతున్నాయో మనం ఎప్పుడైనా అడిగామా?

పిప్పి ముందుగా మిల్లు బాయిలర్లలోకే పోతుంది. బొగ్గు కొనకుండా తన పిప్పితోనే ఆవిరి చేసుకుని, ఆ ఆవిరితోనే రసం కాచుకుంటుంది మిల్లు. బెల్లం పెనం కింద మా ఊరివాళ్ళు చేసిన పనే, కాస్త పెద్ద ఎత్తున. మిగిలిన ఆవిరితో కరెంటు తీసి గ్రిడ్‌కి అమ్మే మిల్లులూ ఉన్నాయి. తమిళనాడులో కరూర్ దగ్గర ఉన్న తమిళనాడు న్యూస్‌ప్రింట్ సంస్థని 1979లో పెట్టారు. 1980ల్లో అక్కడ చెరకు పిప్పితో దినపత్రికల కాగితం చెయ్యడం మొదలైంది. ఆ ఊరి పేరే కాగితపురం! అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పి, "మీరు రోజూ పొద్దున్నే చేత్తో పట్టుకునే పేపరు కూడా పిప్పిదే కావచ్చండీ" అంటే, "పేపర్లో అన్నం పెట్టుకు తినట్లేదుగా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసుల్ని దేశమంతటా నిషేధించాక ఈ పిప్పి ప్లేట్లకి గిరాకీ వచ్చింది. మంచిదే. అయితే ఒక మాట. వేడి పులుసు, నూనె కారిపోకుండా ఉండాలని ఇలాంటి కొన్ని ప్లేట్లలో రసాయనాలు కలుపుతారు. వాటిలో ఒక రకం శరీరంలోనూ, నేలలోనూ ఏళ్ళ తరబడి పోకుండా నిలుస్తుందని కొన్ని దేశాలు కట్టడి చేశాయి. కొనేటప్పుడు పొట్లం మీద ఏం రాసుందో ఒకసారి చదవండి. చీరకి అంచూ పోగూ చూసే మనం ప్లేటుకి ఆమాత్రం చూడలేమా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుట్టలుగా వేసిన పిప్పి తడిసి బూజు పడితే, ఆ దుమ్ము పీల్చిన కూలీలకి దగ్గు, జ్వరం, ఆయాసం వస్తాయి. ఇంగ్లీషు వైద్యంలో దానికి బెగసోసిస్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. మా ఊళ్ళో పిప్పి ఎగదోసే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు చుట్టుకునేవాళ్ళు. అది ఎండకేమో అనుకునేదాన్ని నేను.

నా మల్లెపాదుల కథ

ప్రెస్‌మడ్ గురించి నేను పెద్దగా చెప్పను, ఎందుకంటే నా పరువు పోయిన విషయం అది. రెండేళ్ళ కిందట మా తమ్ముడు వస్తూ వస్తూ రెండు గోతాల నిండా తెచ్చాడు. నల్లగా, మెత్తగా, చూడ్డానికి కాఫీ పొడిలా ఉంది. భాస్వరం, సున్నం, సేంద్రియం అన్నీ ఉన్న ఎరువు, రైతులు ఎగబడి తోలుకుంటారని చెప్పాడు. వాడు పూర్తిగా చెప్పేలోపే నేను పెరట్లో ఆరు మల్లెపాదులకీ గంపెడు గంపెడు వేసేశాను. వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కి, నాలుగు చచ్చిపోయాయి. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, పచ్చిది వెయ్యకూడదే! కుళ్ళేటప్పుడు వేడెక్కుతుంది. పేడా మట్టీ కలిపి రెండు మూడు నెలలు మాగబెట్టాలి. నేను చెప్పేలోపే ఫోన్ పట్టుకుని లోపలికి పోయావు" అన్నాడు. రెండో గోతాం అలాగే మాగబెట్టి వేశాను. మిగిలిన రెండు పాదులూ మొన్న ఎండాకాలం విరగబూశాయి. ఇప్పుడు ఈ బురద నుంచి గ్యాస్ తీసే ప్లాంట్లు కూడా దేశంలో వస్తున్నాయి. మా పక్కింటివాళ్ళకి చెప్తే నమ్మేశారు.

నల్ల పాకం

ఇక మొలాసిస్. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దీనివల్లే.

మా ఇంట్లో గేదెల దాణా కొంటాం. ఆ దాణాకి తీపివాసన ఉంటుంది, మొలాసిస్ కలుపుతారు మరి. ఎండుగడ్డి నోట పెట్టని గొడ్డు కూడా కాస్త మొలాసిస్ నీళ్ళు చల్లితే తింటుంది. బ్రెడ్డులో వేసే ఈస్ట్‌ని పెంచేది మొలాసిస్ మీదే. నిమ్మ ఉప్పు కూడా దాన్నుంచి చేస్తారు. పులియబెట్టి బట్టీ పడితే స్పిరిట్ వస్తుంది. ఇంజక్షన్ ముందు చేతికి రాసే స్పిరిట్, బీరువాకి వేసే పాలిష్, అత్తరులో కలిపేదీ అదే. 2020లో కరోనా వచ్చి శానిటైజర్ దొరక్కపోతే ప్రభుత్వం డిస్టిలరీలకి అనుమతిచ్చింది, చక్కెర మిల్లుల వాళ్ళూ శానిటైజర్ చేసి ఇచ్చారు. స్పిరిట్ నుంచి అసిటిక్ ఆసిడ్, ఆ దారిలోనే ఆస్పిరిన్‌కి కావలసిన రసాయనం తీయొచ్చు. తణుకులో 1947లో మొదలైన ఆంధ్రా సుగర్స్ ఆస్పిరిన్ కూడా చేసింది. అదే కంపెనీ ఇస్రో రాకెట్లకి ద్రవ ఇంధనమూ చేస్తుంది. అది మొలాసిస్ నుంచి కాదు లెండి. పంచదారతో మొదలుపెట్టినవాళ్ళు ఎందాకా వెళ్ళారో చెప్దామని.

ఇవన్నీ ఒకరోజు పెరట్లో కూచుని పిన్నితో చెప్తున్నాను. ఆవిడ చేపలు తోముతోంది. స్పిరిట్ దాకా వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"స్పిరిట్టంటే సారాయేనా అమ్మాయిగారూ?"

"అదే పిన్నీ. అందులో నీళ్ళు కలిపి ప్యాకెట్లలో పోసి అమ్మేవాళ్ళు అప్పట్లో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "అయితే మా ఆయన తాగింది మీ కాఫీలో పంచదార మిగులా?"

నాకు గొంతు పెగల్లేదు.

పిన్ని భర్త బస్తాలు మోసే పని చేసేవాడట. కూలి చేతిలో పడగానే సారా కొట్టు. ప్యాకెట్టు మూల పళ్ళతో కొరికి ఉమ్మేసి, నిలబడ్డచోటే తాగేసేవాడట. ఇంటికి చేరేది మనిషొక్కడే, కూలి రాదు. 1990లో కామెర్లు వచ్చి పోయాడు. అప్పటికి పిన్నికి పాతికేళ్ళు నిండీ నిండకుండా ఉన్నాయి, ఇద్దరు పిల్లలు. "ఆ ప్యాకెట్టు వాసన ఇప్పటికీ తెలుసు నాకు. కుళ్ళిన బెల్లం వాసన. ఎందుకొస్తదో ఇన్నేళ్ళకి తెలిసింది" అంది.

ఆ తర్వాత కథ మీకందరికీ తెలిసిందే. 1980ల్లో మన రాష్ట్రంలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు రోశమ్మతో కలిసి సారా కొట్టు మూయించారు. అది ఊళ్ళు దాటి, జిల్లాలు దాటి, సారా పాటలు ఆపించేదాకా వెళ్ళింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. అప్పటికి నేను పలక పట్టుకునే పిల్లని. మా అమ్మ చెప్తే విన్న కథలే గానీ, ఆ ఊరేగింపుల్లో నడిచిన మనిషి రోజూ మా ఇంట్లో చేపలు తోముతోందని అప్పటిదాకా నాకు తెలీదు. "మేమూ నలుగురం పోయి కొట్టు ముందు కూచున్నాం. నేనైతే చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. అప్పటికే మా ఆయన పోయాడు. ఇంకెవరి కోసమంటే ఏం చెప్పను" అంది పిన్ని.

నేను మాట మార్చాలని, "ఇప్పుడా స్పిరిట్‌ని పెట్రోల్లో కలుపుతున్నారు పిన్నీ" అన్నాను. నిజమే. మొలాసిస్ నుంచీ, మొక్కజొన్న, నూకల నుంచీ తీసిన ఇథనాల్‌ని పెట్రోల్లో 20 శాతం దాకా కలపడం 2025కల్లా దేశమంతా వచ్చింది. మా వారు స్కూటర్ మైలేజీ తగ్గిందని అప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నారు. పెట్రోలుకున్నంత శక్తి ఇథనాల్‌కి ఉండదు కాబట్టి ఆయన గొణుగుడులో కొంత న్యాయముంది.

మరి గడ పండించినవాడికి?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ముప్ఫయ్యేళ్ళు చెరకు వేసిన మనిషి. ఈ తోబుట్టువుల్లో రైతు వాటా ఎంత అని అడిగితే నవ్వారు. "మేం అమ్మేది గడమ్మా. తూకం గడకే, డబ్బు గడకే. అందులో ఎంత పంచదార ఊరిందో దాన్నిబట్టి ధర. మిల్లు గేటు దాటాక పిప్పి ఎవరిదో, పాకం ఎవరిదో నేనెప్పుడూ అడగలేదు."

ఆడపిల్లని కాబట్టి తీరిగ్గా కూచుని నేను లెక్కేశాను. 2025-26 సీజనుకి కేంద్రం నిర్ణయించిన కనీస ధర క్వింటాలుకి 355 రూపాయలు, అదీ 10.25 శాతం పంచదార దిగుబడి వచ్చే చెరక్కి. అంటే టన్నుకి 3,550. టన్ను చెరకులో వచ్చే మొలాసిస్ నుంచి సుమారు 10 లీటర్ల స్పిరిట్ వస్తుంది. ఈ రకం మొలాసిస్ ఇథనాల్‌కి 2025 జనవరిలో ప్రకటించిన ధర లీటరు 57 రూపాయల 97 పైసలు. పది లీటర్లకి దాదాపు 580 రూపాయలు. డిస్టిలరీ కట్టాలి, నడపాలి, ఆ ఖర్చంతా ఉంది, కాదనను. కానీ లెక్కంటూ ఒకటి ఉందిగా!

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 2012లో రంగరాజన్ కమిటీ ఇదే చెప్పింది. పంచదారతో పాటు పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్ అమ్మగా వచ్చినదాంట్లో 70 శాతం, లేదంటే ఒక్క పంచదార మీదే అయితే 75 శాతం రైతుకి చేరాలని. 2013లో కర్ణాటక, మహారాష్ట్ర ఆదాయం పంచుకునే పద్ధతికి చట్టాలు చేశాయి. నాన్నకి ఈ మాట చెప్తే, "ఆ కమిటీ వాళ్ళు కాస్త ముందు పుట్టాల్సింది" అన్నారు. ఎందుకంటే కిందటేడే ఆయన కార్సి తోట దున్నించేశారు. గడ కొట్టే కూలీలు దొరకడం లేదు, దొరికినా కూలి ఇచ్చాక మిగిలేది లేదు. ఆ చేలో ఇప్పుడు పామాయిల్ మొక్కలున్నాయి. ఫోన్ పెట్టేముందు, "ఈసారి వచ్చేటప్పుడు పిల్లలకి చెరకు గడ తేవాలంటే బజార్లో కొనాలమ్మా" అన్నారు. ఆ మాటకి మాత్రం నాకు ఏడుపొచ్చింది.

మా వైపూ అంతే లెండి. మా పక్కన జంపనిలో పంచదార ఫ్యాక్టరీ ఉండేది, మూతపడింది. పెళ్ళయిన కొత్తలో పేపర్లో 'గోవాడ చక్కెర ఫ్యాక్టరీ' అని చూసి, మా అమృతలూరు పక్కన శివరాత్రి ప్రభలు కట్టే గోవాడే అనుకుని మా వారిని చూపించమని వేధించాను. అది చోడవరం దగ్గర గోవాడ అని తెలిశాక ఇంట్లో ఏడాది పాటు నన్ను ఏడిపించారు.

సంక్రాంతి ముందు పిన్ని వచ్చి, "మీ ప్లేటు మన్నయిపోయింది అమ్మాయిగారూ" అంది. కోళ్ళకి నూకలు వేయడానికి నాలుగు రోజులు వాడి, మెత్తబడ్డాక పెంటకుప్పలో వేసిందట. తీసి చూస్తే పోగు కూడా లేదట. ఆ మాట విని అత్తయ్యగారు వచ్చే కార్తీకానికి అరిటాకులు నేనే ముందు రోజు కోయించాలని ఆర్డరు వేశారు.

పిన్ని గిన్నెలు బోర్లించి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అమ్మాయిగారూ, ఆ నల్ల పాకం ఇప్పుడంతా పెట్రోల్లోకే పోద్దా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"అంతా కాదు పిన్నీ. బ్రాందీలోకీ, విస్కీలోకీ కూడా పోతుంది."

"అనుకున్నా" అంది. చిన్నకొడుకు ఇంకా ఇంటికి రాలేదని, చీకటి పడకముందే వెళ్ళాలని చెప్పి చెప్పులేసుకుంది.